కిలుము

ఆనందపురం దాటాక ఎడమచేతి వైపు
గొర్లిమెట్ట క్వారీ.
కంకర కోసం కోసిన కొండ.
దాని కడుపులో ఒకచోట, జానెడు మందాన,
పదకొండడుగుల పొడవున
పచ్చగా ఓ చార.
"చిలకరాయి" అంది ఎర్నమ్మ.
నేను నోట్‌బుక్కులో మాలకైట్ అని రాసుకున్నాను.

అప్పటికి నాకు ఇరవయ్యారు.
కొత్త సుత్తి, కొత్త దిక్సూచి,
సర్వే ఆఫీసు వాళ్ళిచ్చిన గుడ్డసంచులు రెండు డజన్లు.

కొండంతా ఖొండలైటు.
తుప్పురంగు బండలో దానిమ్మగింజల్లా గార్నెట్లు.
సింహాచలం గుడిగోడకీ ఇదే రాయి,
యారాడ కొండకీ ఇదే.
సముద్రం ఇంకా పుట్టని రోజుల్లో
ఈ తీరాన్ని ఆనుకుని మంచుఖండం ఉండేదట,
ఉమ్మడి గోడ ఉన్న రెండిళ్ళలా.
ఆ వేడిలో బురద రాయైంది,
రాయి మళ్ళీ కరగబోయి ఆగింది,
చల్లారుతూ చిట్లిన చోట
వేడినీళ్ళు దూరి
కాస్తంత రాగి వదిలి వెళ్ళాయి,
పెళ్ళివంటకి వచ్చినవాళ్ళు
ఓ గరిటె మర్చిపోయినట్టు.

లెన్సు కంటికి ఆనించి చూశాను.
తెల్లటి క్వార్ట్జులో ఆవగింజంత ఇత్తడి మెరుపు,
దాని అంచున నెమలికంఠం,
ఆపైన పచ్చ.
అసలు రాగి లోపలిది.
పచ్చదనమంతా వానదీ, గాలిదీ.

ఆసిడ్ సీసా తియ్యబోతే ఎర్నమ్మ నవ్వింది.
"నానెప్పుడో సూసినాను బాబూ.
సింతపండెట్టి తోమినాను. పోనాది.
కిలుమే అది.
మా అత్త రాగిబిందికి పట్టేదే ఇదీని.
బిందే లేకుండా కిలుమెలాగొచ్చిందో
నువ్వే సెప్పాల."

అయిదేళ్ళు నేను చదివింది
ఆమె గుప్పెడు చింతపండుతో చదివేసింది.
కాస్త సిగ్గుపడి, కాస్త గొప్పకి పోయి
"ఆ కొడవలి ఇలా ఇయ్యి" అన్నాను.

పచ్చటి పొడి మీద ఆసిడ్ చుక్కలు.
బుసబుసా పొంగి సద్దుమణిగాక
ఆ నీళ్ళలో కొడవలి మొన ముంచి
ముప్ఫై దాకా లెక్కపెట్టాను.
తీస్తే, మొన ఎర్రగా.
అప్పుడే తోమి బోర్లించిన చెంబు రంగు.

ఎర్నమ్మ వేలితో తడిమి చూసింది.
తట్టలు దించి నలుగురు మూగారు.
మేస్త్రీ సన్యాసప్పడు నా చెవి దగ్గరకొచ్చి
"గని పడిందేటి?" అన్నాడు.
ఆ మధ్యాహ్నం క్రషర్ అరగంట ఆగింది.
ఆ అరగంటలో ఎవరు ఏమేం కొనుక్కున్నారో
నాకు తెలీదు.

తర్వాత మూడుచోట్ల కందకాలు తవ్వించాం.
అడుగు లోతున చార సన్నబడింది.
రెండో అడుగున వెంట్రుక.
మూడో అడుగున ఉత్త రాయి.
నమూనాలు పంపితే
నూటికి అరపాలైనా రాగి లేదని తేలింది.
రిపోర్టు పేజీన్నర. ఆఖరి వాక్యం నాదే:
ఆర్థిక ప్రాధాన్యం లేదు.

ఆ సంగతి చెబుదామని వెళ్ళాను.
ఎర్నమ్మ కంకర కొడుతోంది, తలెత్తలేదు.
"కొడవలికి ఆ రంగుందా?" అన్నాను.
"మర్నాడు గడ్డి కోసినాను. పోనాది."
రెండు దెబ్బలు వేసి,
"గేదె తినేసుంటాది నీ రాగి."

గొర్లిమెట్ట ఇప్పుడు లేదు.
సగం బైపాస్ కిందకి వెళ్ళింది,
సగం సముద్రంలో గోడకి పోశారన్నారు.
పచ్చచార ఏ సగంలో పడిందో.
నీళ్ళలో పడ్డ సగంలోనైతే
ఇంకా కిలుము పడుతూనే ఉంటుంది.
బిందె లేకుండా అదెలా వచ్చిందో
ఎర్నమ్మకి నేను సరిగ్గా చెప్పనేలేదు.

రిటైరయ్యాను. ఎవరైనా అడిగితే,
ఎవరూ అడగరనుకోండి,
ఆ కొండ మొత్తం రాగి ఉత్పత్తి
కాగితం చూడకుండా చెప్పగలను:
కొడవలి మొన మీద
రెండువేళ్ళ వెడల్పు,
ఒక్క రాత్రి.